గొంతు పట్టేసే ఆయాసం: ఎవరి దగ్గరికి ముందు వెళ్ళాలి?

ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలో ఎవరికైనా ఊపిరి అందట్లేదని తెలిస్తే చాలు, సలహాలు గుమ్మంలోకే వస్తాయి. ఒకరు బజారులో ఆర్‌ఎంపీ హస్తవాసి గురించి చెప్తారు. ఒకరు బరంపురం అంటారు, ఒకరు శ్రీకాకుళం. ఆఖరున వచ్చినవాళ్ళు "ఇవన్నీ ఎందుకు, వైజాగ్ పట్టుకుపోండి" అని తేల్చేస్తారు. రెండేళ్ళ కిందట నాకీ బాధ మొదలైనప్పుడు అందరి మాటా విన్నాను. కాకపోతే వరస తప్పి విన్నాను.

బట్టల కొట్టులో పని నాది. పొద్దున్నుంచి రాత్రి దాకా తెలుగు, ఒడియా, మధ్యలో హిందీ. గొంతుకి తెరిపి ఉండదు. దసరా ముందు ఒక సాయంత్రం చీరల మడతలు విప్పి చూపిస్తుంటే గొంతు దగ్గర ఎవరో ముడి బిగించినట్టయింది. గాలి లోపలికి పోదు. రెండు నిమిషాల్లో దానంతటదే తగ్గింది. తర్వాత వారానికోసారి, ఆ తర్వాత రోజు విడిచి రోజు. ఎక్స్‌రే బాగుంది, ఈసీజీ బాగుంది, రక్తం బాగుంది. కాయితాల్లో ఏ రోగమూ లేదు, నాకేమో ఊపిరి లేదు.

మీరూ ఇక్కడే ఇరుక్కుని ఉంటే, చేతిలో ఉన్న దారులు ఐదో ఆరో. ఏది ఎవరికి పనికొస్తుందో నాకు తెలిసినంతలో చెప్తాను. నేను డాక్టర్ని కాను. డాక్టర్ల చుట్టూ తిరిగినవాణ్ణి.

## ఇవి ఉంటే ఆలోచించొద్దు, 108

పెదాలు నీలంగా మారడం. ఒక వాక్యం కూడా పూర్తిగా చెప్పలేకపోవడం. గుండెలో నొప్పి చేతికో దవడకో పాకడం. ఏదో తిన్నాకో, కందిరీగ కుట్టాకో మొహం, పెదాలు వాచి గొంతు మూసుకుపోతున్నట్టు ఉండడం. ఒక కాలు వాచి, దాంతోపాటు హఠాత్తుగా ఆయాసం రావడం. వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు 92 కంటే తక్కువ చూపించడం. గోళ్ళ రంగు ఉన్నా, వేలు చల్లగా ఉన్నా ఆ మీటరు తప్పు చెప్తుంది, ఇంకో వేలికి పెట్టి చూడండి. ఇందులో ఏ ఒక్కటి ఉన్నా కింద రాసిందంతా తర్వాత చదువుకోవచ్చు.

పడుకుంటే ఆయాసం ఎక్కువై లేచి కూర్చోవాల్సి రావడం, పాదాలు వాయడం గుండె సంగతి కావచ్చు. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే ముందు కఫం పరీక్ష. వీటిని కూడా "గొంతులో ఏదో బిగువు" అని వాయిదా వెయ్యకండి.

## ఎంచుకునే ముందు

ఊపిరి ఎక్కడ ఆగుతోంది? నాకు ఎనిమిది నెలలు ఎవరూ అడగని ప్రశ్న ఇదే. గాలి లోపలికి పోవడం కష్టమా, బయటికి వదలడం కష్టమా? ఆస్తమాలో ఎక్కువగా వదలడం కష్టం. ఛాతీలో పిల్లికూతలు, రాత్రి మూడు గంటలకి దగ్గుతో మెలకువ. గొంతు దగ్గర పట్టేసే రకంలో తీసుకోవడం కష్టం. చెయ్యి తెలియకుండానే గుండె మీదకి కాదు, గొంతు మీదకి పోతుంది. పీల్చేటప్పుడు సన్నగా కీచుమని శబ్దం వస్తుంది. నిమిషాల్లో వచ్చి నిమిషాల్లో పోతుంది.

సరిహద్దులో ఉన్నవాళ్ళం కాబట్టి ఒక మాట. మన పుస్తకాల తెలుగులో నిశ్వాసం అంటే ఊపిరి వదలడం. ఒడియాలో 'నిశ్వాస నేబా' అంటే ఊపిరి తీసుకోవడం. మాట ఒకటే, గాలి పోయే వైపు వేరు! అసలు సంగతంతా ఆ వైపులోనే ఉంది కనక ఆసుపత్రిలో పెద్ద మాటలు వాడకుండా గొంతు మీద వేలు పెట్టి, పీల్చి చూపించి "ఇదిగో, ఇక్కడ ఆగుతోంది" అనండి. గిడుగు రామమూర్తి పంతులుగారు బడి చెప్పిన ఊరివాళ్ళం, వాడుక మాటలో చెప్పుకోడానికి మనకేం సిగ్గు?

ఎప్పుడు వస్తోంది? పోపులో ఎండుమిర్చి ఘాటుకా, సాంబ్రాణి పొగకా, మెట్లెక్కితేనా, గట్టిగా మాట్లాడితేనా, భోంచేసి పడుకుంటేనా, ఖాళీగా కూర్చున్నప్పుడా? వారం రోజులు ఒక కాయితం మీద రాయండి. వీలైతే ఇంట్లోవాళ్ళని ఫోన్లో వీడియో తియ్యమనండి. నా వీడియో నలభై సెకన్లు. అందులో నా మొహం కంటే మా అమ్మ గొంతే ఎక్కువ, "ఏటైందిరా, నీళ్ళు తాగు, ఏటైందిరా" అని. అయినా దగ్గర్లో ఏ పరీక్షా చెయ్యని పని ఆ వీడియో చేసింది.

ఎన్నిసార్లు వెళ్ళగలరు? ఒక్కసారి వెళ్ళి తేల్చుకునేవి కొన్ని, నాలుగైదుసార్లు తిరగాల్సినవి కొన్ని. కొట్టుకి సెలవు పెడితే జీతం కోసేవాళ్ళకి ఇదే అసలు ఖర్చు.

ఏ భాష? స్కానింగుకి భాషతో పని లేదు. ఊపిరి తీసుకోవడం మళ్ళీ నేర్పించే చికిత్సకి ఉంది, కౌన్సెలింగుకి ఇంకా ఉంది.

## ఊళ్ళో ఫిజీషియన్

ఎవరైనా మొదలెట్టాల్సింది ఇక్కడే. హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగరు, ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే. ఆడవాళ్ళకి మెట్లెక్కితే ఆయాసం వస్తోందంటే చాలాసార్లు రక్తం తక్కువే కారణం. మన గిరిజన ప్రాంతాల్లో సికిల్ సెల్ అనే, పుట్టుకతో వచ్చే రక్తం జబ్బు కూడా ఉంది, ఇంట్లో ఎవరికైనా ఉంటే డాక్టరుకి తప్పకుండా చెప్పండి. ఒడిశా సర్కారు ఆసుపత్రుల్లో మందులకి 'నిరామయ', పరీక్షలకి 'నిదాన్' ఉన్నాయి, రెండూ ఉచితం. గజపతి జిల్లావాళ్ళు, రాయగడవాళ్ళు ఈ పరీక్షల కోసం జేబులోంచి ఖర్చుపెట్టి వైజాగ్ దాకా పోనక్కర్లేదు.

ఇక్కడ తేలనిది గొంతు సంగతి. అన్నీ బాగుంటే "టెన్షన్ తగ్గించుకో" అని పంపేస్తారు. ఆ మాట తప్పని నేనను. కానీ గొంతులోకి చూడకుండా అన్న మాట అది.

ఆర్‌ఎంపీ గురించి రెండు ముక్కలు. నాకు వేసిన ఇంజెక్షన్ ఏమిటో ఇప్పటికీ తెలీదు. రెండు రోజులు బ్రహ్మాండంగా ఉంది, మూడో రోజు మామూలే. స్టీరాయిడ్ అయితే అలాగే ఉంటుందని తర్వాత ఒక డాక్టరు చెప్పారు. పేరు రాసివ్వని ఇంజెక్షన్ వేయించుకోకండి.

## ఛాతీ డాక్టరు

పిల్లికూతలు ఉన్నవాళ్ళు, బీడీ చుట్ట తాగేవాళ్ళు, దుమ్ములో పని చేసేవాళ్ళు నేరుగా ఇక్కడికి. మా ఊరి కొమ్ము బొమ్మల పని తెలుసు కదా, ఆ నగిషీ పట్టేటప్పుడు లేచే పొడి మామూలు పొడి కాదు. అలాగే జీడిపిక్కలు కాల్చే బట్టీల దగ్గర పనికి పోయేవాళ్ళు. వీళ్ళు గొంతు అనుకుని ఈఎన్‌టీ దగ్గర మొదలెడితే తిరుగుడే మిగులుతుంది.

ఇక్కడ అసలు పరీక్ష స్పైరోమెట్రీ. గొట్టంలోకి ఊదాలి, మందు పీల్చి మళ్ళీ ఊదాలి. మందు తర్వాత ఊదే బలం బాగా పెరిగితే ఆస్తమా వైపు మొగ్గు. నేనిక్కడ చేసిన పొరపాటు చెప్తాను: ఊదే పరీక్ష అడగలేదు, వాళ్ళూ చెయ్యలేదు. ఒక క్లినిక్‌లో ఇన్‌హేలర్ రాసిచ్చారు, ఎనిమిది నెలలు పీల్చాను. ఏమీ తగ్గలేదు. ఇన్‌హేలర్ సరిగ్గా వాడుతున్నా ఏమాత్రం తేడా లేకపోవడమే ఒక గుర్తు, బిగువు ఛాతీలో కాదు, పైన ఉందేమోనని. ఊదినప్పుడే కాక పీల్చినప్పుడు కూడా గీత గీయమంటే, ఆ పీల్చే గీత కొందరికి చదునుగా వస్తుంది. అదీ గొంతు వైపే చూపిస్తుంది. అయితే బిగువు లేని పూట తీస్తే మామూలుగానే రావచ్చు.

ఒక జాగ్రత్త. ఆస్తమా, గొంతు బిగువు రెండూ ఒకే మనిషికి ఉండొచ్చు. ఇది చదివి ఇన్‌హేలర్ మానెయ్యకండి. మానాలా వద్దా అన్నది ఊదే పరీక్ష చూసి డాక్టరే చెప్పాలి.

## ఈఎన్‌టీ

లోపలికి పీల్చేటప్పుడే పట్టేస్తోందనుకుంటే, ఛాతీ బాగుందని తేలాక ఆలస్యం చెయ్యకుండా రావాల్సిన చోటు ఇదే. ముక్కులో మొద్దుబారే మందు కొట్టి, సన్నటి వంగే గొట్టం కెమెరాతో గొంతులోకి చూస్తారు. ఐదు నిమిషాల పని. కాస్త తుమ్ము వస్తుంది, కళ్ళలో నీళ్ళు వస్తాయి, అంతే.

తెర మీద నా గొంతు నేనే చూశాను. స్వర తంతువులు తెల్లగా, తలుపు రెక్కల్లా ఉన్నాయి. మాట్లాడితే మూసుకోవాలి, పీలిస్తే తెరుచుకోవాలి. "ఈ... అనండి" అన్నారు, మూసుకున్నాయి. "ఇప్పుడు గట్టిగా పీల్చండి." తెరుచుకోవాల్సినవి దగ్గరకొచ్చేశాయి. వెనక చిన్న సందు మాత్రం మిగిలింది. ఎనిమిది నెలల బాధ ఆ సందులో కనబడింది. దీన్ని వోకల్ కార్డ్ డిస్‌ఫంక్షన్ అంటారట. రోజంతా గొంతు బిగబట్టి మాట్లాడేవాళ్ళకి మెడ ముందు కండరాలు కూడా గట్టిపడతాయని, గొంతు కాయకి రెండు పక్కలా వేళ్ళతో నొక్కి చూపించారు. నొప్పి పుట్టింది. అప్పటిదాకా అక్కడ నొప్పి ఉందనే తెలీదు.

బిగువు లేని రోజున చూస్తే అంతా మామూలుగానే కనబడొచ్చు. అందుకే వీడియో పట్టుకెళ్ళమన్నాను. అది చూసి నన్ను మెట్లెక్కించి దించి, అప్పుడు గొట్టం వేశారు.

గొంతులో ఉండ అడ్డం పడ్డట్టుండి, ఉమ్ము మింగితే ఎక్కువై, అన్నం తింటే మాత్రం తెలియకపోతే చాలావరకు భయపడేది కాదు. అదే అన్నం దిగకపోయినా, గొంతు మూడు వారాలు దాటి బొంగురుగా ఉన్నా, రక్తం పడినా వెంటనే చూపించాలి. గుట్కా, ఖైనీ అలవాటున్నవాళ్ళు మరీ. మన వైపు పల్లెల్లో ఇప్పటికీ అడ్డపొగ తాగే అమ్మమ్మలున్నారు, నిప్పు లోపల పెట్టుకుని. వాళ్ళని అంగిలి కూడా చూపించమని తీసుకెళ్ళండి.

గ్యాస్ మాత్ర ఇక్కడ దాదాపు అందరికీ రాస్తారు. పులితేన్పులు, గుండెల్లో మంట ఉన్నవాళ్ళకి పనికొస్తుంది. అవేమీ లేకుండా నెలల తరబడి మింగితే గొంతు బిగువు తగ్గదు. రాత్రి భోజనానికీ పడకకీ మధ్య మూడు గంటలు వదలడం దానికంటే మేలు, పైసా ఖర్చు లేదు.

## స్పీచ్ థెరపిస్టు

స్పీచ్ థెరపీ అంటే నత్తి పిల్లలకే అనుకునేవాణ్ణి. గొంతు బిగువుకి అసలు వైద్యం ఇక్కడే ఉంది. మందు లేదు, కత్తి లేదు. భుజాలు వదిలెయ్యాలి, దవడ వదులు చెయ్యాలి, నాలుక కింది పళ్ళ వెనక మెత్తగా పడుకోబెట్టాలి. మల్లెపువ్వు వాసన చూసినట్టు ముక్కుతో చిన్నగా పీల్చి, పెదాలు సన్నం చేసి "స్స్స్..." అని నెమ్మదిగా వదలాలి. వాసన చూసేటప్పుడు స్వర తంతువులు విచ్చుకుంటాయి, అదే కిటుకు. బాగున్నప్పుడు రోజుకి పదిసార్లు చేస్తేనే పట్టేసినప్పుడు ఒళ్ళు దానంతటది చేస్తుంది. నేను మొదటి పది రోజులు బాగున్నప్పుడు మానేసి, పట్టేసినప్పుడు చేసి, పని చెయ్యట్లేదని తిట్టుకున్నాను.

నాకు ఐదుసార్లు పట్టింది. భాష పట్టింపు ఇక్కడే. "గొంతు బిగబట్టొద్దు, వదులుగా వదలండి" అన్న మాట సొంత భాషలో వింటే ఒళ్ళు వింటుంది, వేరే భాషలో వింటే బుర్ర మాత్రమే వింటుంది. అందుకే పర్లాకిమిడి తెలుగువాళ్ళు పరీక్షలన్నీ బరంపురంలో చేయించుకున్నా థెరపీకి మాత్రం శ్రీకాకుళం, వైజాగ్ వైపు చూడమని నా సలహా. ఇంట్లో ఒడియాయే మాట్లాడేవాళ్ళకి ఇదే మాట తిరగేసి. జిల్లా ఆసుపత్రుల్లో పిల్లల కేంద్రంలో థెరపిస్టు ఉంటే, పెద్దవాళ్ళని చూస్తారా అని ఒకసారి అడగండి. అడిగితే పోయేదేమీ లేదు.

## మనసు డాక్టరు

ఖాళీగా కూర్చున్నప్పుడు ఆయాసం, మాటిమాటికీ నిట్టూర్పులు, "నిండా ఊపిరి తీసుకున్నట్టు అనిపించట్లేదు" అనడం, పెదాల చుట్టూ వేళ్ళ కొసల్లో తిమ్మిరి, తల తేలిపోవడం. ఇక్కడ గాలి చాలక కాదు, ఎక్కువై బాధ. వేగంగా పీల్చి వదిలితే ఒంట్లో బొగ్గుపులుసు వాయువు తగ్గిపోయి తిమ్మిర్లు వస్తాయి. పాత సినిమాల్లోలా కాయితం సంచిలోకి ఊదొద్దు, అసలు జబ్బు గుండెదో ఊపిరితిత్తులదో అయితే ప్రమాదం. చావు భయంతో కలిసి వచ్చి పది నిమిషాల్లో శిఖరానికి చేరి దిగేది పానిక్ అటాక్ కావచ్చు, దానికి మంచి చికిత్స ఉంది. మాత్రలు మొదలెడితే గుణం తెలియడానికి వారాలు పడుతుంది, నాలుగో రోజున మానెయ్యకండి.

వెళ్ళడానికి మొహమాటమైతే టెలీమానస్ ఉంది, మనసు బాధలకి సర్కారు నడిపే ఫోన్ లైను, నంబరు 14416. 2022 నుంచి నడుస్తోంది, రాత్రీ పగలూ, ఉచితం. తెలుగులో మాట్లాడొచ్చు, ఒడియాలోనూ. మన కొండల్లో బస్సు లేని ఊరివాళ్ళకి ఇంతకంటే దగ్గరి దారి లేదు.

## ఇంట్లో సాధన

భ్రామరి, అంటే తుమ్మెదలా జుమ్మంటూ నెమ్మదిగా వదలడం, చాలామందికి హాయిగా ఉంటుంది. కపాలభాతి, భస్త్రిక మాత్రం గొంతు పట్టేసేవాళ్ళు, వేగంగా పీల్చేవాళ్ళు మొదలెట్టొద్దు. అసలే ఎక్కువైన ఊపిరిని ఇంకా తరిమినట్టవుతుంది. నీళ్ళు గుటక గుటకగా తాగడం, గొంతు ఊరికే సకిలించడం మానుకోవడం, గాలాడని చోట ఎండుమిర్చి వేయించకపోవడం. ఇవి వైద్యానికి తోడు, బదులు కావు.

## ఒక్క చూపులో

| దారి | ఏం తేలుతుంది | ఎన్నిసార్లు | భాష పట్టింపు | ముందు ఎవరికి |
|---|---|---|---|---|
| ఫిజీషియన్ | రక్తం, గుండె, థైరాయిడ్ | ఒకటి రెండు | తక్కువ | అందరికీ |
| ఛాతీ డాక్టరు | ఆస్తమా, టీబీ, దుమ్ము జబ్బులు | రెండు మూడు | తక్కువ | పిల్లికూతలు, పొగ, దుమ్ము |
| ఈఎన్‌టీ | స్వర తంతువులు, గడ్డలు | ఒకటి రెండు | తక్కువ | పీల్చేటప్పుడు పట్టేసేవాళ్ళకి |
| స్పీచ్ థెరపీ | తేల్చడం కాదు, తగ్గించడం | నాలుగైదు పైన | చాలా | ఈఎన్‌టీ చూశాక |
| మనసు డాక్టరు | పానిక్, అతిశ్వాస | నెలకోసారి | చాలా | తిమ్మిర్లు, భయం ఉన్నవాళ్ళకి |

## బరంపురమా, వైజాగా?

బరంపురం మెడికల్ కాలేజీ మా రాజావారి పేరునే ఉంది, మహారాజా కృష్ణచంద్ర గజపతి. 1962 నుంచి నడుస్తోంది. ఛాతీ, ఈఎన్‌టీ, మనసు విభాగాలన్నీ ఒకే ఆవరణలో దొరకడం దాని బలం. కొరాపుట్, జయపురంవాళ్ళకి కొరాపుట్‌లోనే మెడికల్ కాలేజీ ఉంది, 2017లో వచ్చింది. వైజాగ్‌లో కేజీహెచ్ అనే పెద్ద సర్కారు ఆసుపత్రి కాక, వాల్తేరు వైపు సర్కారు ఛాతీ ఆసుపత్రి, ఈఎన్‌టీ ఆసుపత్రి, మానసిక ఆసుపత్రి విడివిడిగా ఉన్నాయి. మన జబ్బుకి కావాల్సిన మూడూ ఆ చుట్టుపక్కలే ఉన్నాయని నేనూ మా బావా నవ్వుకున్నాం. రాయగడ, గుణుపురంవాళ్ళకి వైజాగ్‌కి నేరుగా రైలుంది, చాలామందికి అదే తేలిక.

కార్డు గురించి పెద్ద భ్రమ ఒకటి. ఆయుష్మాన్ కార్డు ఆసుపత్రిలో చేరితే పనికొస్తుంది, ఓపీకి కాదు. గొంతు బిగువు మొదటినుంచి చివరిదాకా ఓపీ జబ్బే. కార్డుంది కదాని ప్రైవేటుకి పోయి కౌంటరు దగ్గర గొడవపడేకంటే, సర్కారు ఓపీలో పొద్దున్నే వరసలో నిలబడడం నయం.

రోజుకూలి చేసుకునేవాళ్ళయితే నేను చెప్పే వరస: పరీక్షలు ఊళ్ళో, ఛాతీ, ఈఎన్‌టీ రెండూ ఒకే ప్రయాణంలో, థెరపీ మొదటి రెండుసార్లు ఎదురుగా, మిగతావి వీడియో కాల్లో చేస్తారేమో అడిగి. టీచర్లు, పాడేవాళ్ళు, నాలాంటి కొట్టువాళ్ళు ఛాతీ బాగుందని తేలిన మర్నాడే ఈఎన్‌టీకి. ఆటలాడే పిల్లలకి పరిగెత్తినప్పుడే పట్టేసి ఆగగానే తగ్గుతుంటే కోచ్ తిట్టక ముందే గొంతు చూపించండి, ఒళ్ళు దాచుకుంటున్నారనుకుంటారు. అరవై దాటినవాళ్ళకి గుండె చూడకుండా గొంతు మాటే ఎత్తొద్దు.

నాకిప్పుడూ నెలకోసారి పట్టేస్తుంది, ముఖ్యంగా పెళ్ళిళ్ళ సీజన్లో. కౌంటరు కింద ఒక చిన్న కుర్చీ వేసుకున్నాను. కూర్చుని, భుజాలు వదిలి, రెండుసార్లు మల్లెపువ్వు వాసన చూస్తాను. ఎదురుగా ఉన్నవాళ్ళు నేను చీర వాసన చూస్తున్నాననుకుంటారు.